పాత కారు – మనవాని మాట

హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు సరిహద్దు ఆవల బంధువులు లేనివారు అరుదు. పెండ్లికో పేరంటమునకో పోయినప్పుడు, “మా కారు అమ్మదలచితిమి, పరాయివానికిచ్చుటకంటె నీవే తీసికొనరాదా?” అని ఎవరో ఒకరందురు. ధర సరసముగ నుండును. కాఫీ చల్లారకముందే బేరము కుదురును. ఇట్లు కొనుట తప్పని నేననను. కాని బంధుత్వమును కాగితమునకు బదులుగా వాడుకొనుట తప్పని నా నిశ్చితాభిప్రాయము. ఈ పాఠము నేను డబ్బిచ్చి నేర్చుకొన్నది.

హోసూరు నివాసినైన నేను కొన్నేండ్ల క్రిందట కుప్పము వైపునున్న ఒక దూరపు బంధువు వద్ద కారు కొంటిని. ఆయన సజ్జనుడు. కారుపై తెచ్చిన అప్పు ఏనాడో తీర్చివేసెను. అయినను రిజిస్ట్రేషను పత్రములో అప్పిచ్చిన బ్యాంకు పేరు అట్లే నిలిచియుండెను. “పై నెలలో చూచుకొందము” అనుకొంటిమి. ఆ పై నెల రాకముందే ఆయన కాలధర్మము నొందెను. బ్యాంకు పేరు కొట్టివేయించుట, వారసుల పేరుకు మార్పించుట, ఆ పిమ్మట నిరాక్షేప పత్రము సంపాదించుట – వీనిలో ప్రతిదానికిని, దుఃఖములో మునిగియున్న ఆ యింటికి సంతకములకై పోవలసివచ్చెను. రెండేండ్లు కారు కొట్టములోనే యుండెను. పోయిన ధనముకంటె, ఆ యిల్లాలి ముందు కాగితములు పట్టుకొని నిలుచుండిన సిగ్గు నన్ను నేటికిని బాధించుచున్నది.

కావున సోదరులారా, మొదట చూడవలసినది ఇంజను కాదు, పత్రము. బ్యాంకు పేరున్నచో 35వ ఫారముతో దానిని రద్దు చేయించిన పిమ్మటనే తుది సొమ్ము చెల్లింపవలెను. కారు రాష్ట్రము దాటవలసినచో 28వ ఫారముతో నిరాక్షేప పత్రము పొందవలెను. యాజమాన్యపు మార్పునకు 29, 30 ఫారములు కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము కొన్నవాడు 30 దినములలో తన ప్రాంతపు రిజిస్ట్రేషను కార్యాలయమునకు తెలుపవలెను. పరరాష్ట్రపు కారు 12 నెలలకు మించి ఇచటనే యున్నచో ఇచటి సంఖ్య తీసికొనవలెను. ఇచటి పన్ను కట్టవలెను. ఆ పన్నును కూడ ధరలో కలిపి చూచినగాని, చౌక నిజముగ చౌకయో కాదో తెలియదు. యానామువారికిది మరింత ముఖ్యము. ఊరి చుట్టును ఆంధ్రప్రదేశమే యైనను, కాకినాడలో కొన్న కారు వారికి పరరాష్ట్రపు కారే.

“కాగితములడిగిన మమ్ము నమ్మలేదా యని నొచ్చుకొందురే” అని కొందరనవచ్చును. నిజమునకు కాగితము అమ్మినవానికే ఎక్కువ రక్ష. పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదము చేయగా, రిజిస్ట్రేషను ఎవరి పేర నిలిచియున్నదో అతడే నష్టపరిహారమునకు బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పెను. అమ్మి చేతులు దులుపుకొన్నానని తలచినవాడే చిక్కుకొనెను. ఖాళీ ఫారములపై సంతకము చేసి యిచ్చుట ఔదార్యము కాదు, అజాగ్రత్త. భీమాను కూడ 14 దినములలో తన పేరునకు మార్పించుకొనుట కొన్నవాని విధి.

పిమ్మట కారును చూడుడు. రాత్రియంతయు నిలిచి చల్లబడిన ఇంజనును ఉదయమున మీ యెదుటనే నడిపింపుడు. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదని గ్రహింపుడు. మీటరు తక్కువ చూపుచు పెడళ్ల రబ్బరు మిక్కిలి అరిగియున్నచో మీటరును నమ్మకుడు. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2024 సెప్టెంబరులో విజయవాడలోను వరదలు ఎన్నో కార్లను ముంచినవి. అట్టివి తుడిచి మెరుగుపెట్టి దూరపుటూళ్లలో అమ్మజూపినచో కొత్తవాడు పోల్చలేడు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడుడు. బురద మరక అచట దాగును. సీట్ల క్రింది బోల్టుల త్రుప్పు, తివాచీ క్రింది ముక్కవాసన అబద్ధమాడవు. చాసిస్ సంఖ్యను పత్రముతో అక్షరమక్షరము సరిచూడుడు. యాబది వేల కారునకైనను, తెలిసిన మెకానికునకు కొన్ని వందలు ఇచ్చి చూపించుట దండుగ కాదు.

మన సమస్య మరియొకటి గలదు. మనలో పెద్దలు పలువురు ఇంట తెలుగును, వీధిలో అరవమును గాని కన్నడమును గాని ఒడియాను గాని మాటలాడుదురు. కాని ఆ లిపులు చదువలేరు. అమ్మకపు ఒప్పందములో ఏమున్నదో తెలియకయే వ్రాలు చేయుదురు. చదువనిదానిపై వ్రాలు చేయకుండుట మన పిల్లలకు నేర్పవలసిన మొదటి నియమము. ప్రతి ఊరి సంఘమును ఈ పత్రములు చదివి చెప్పగల ఇద్దరు యువకులను వారమున కొక సాయంకాలము కార్యాలయములో కూర్చుండబెట్టవలెనని నా మనవి. దీనికి నిధులక్కరలేదు, మనసు చాలును. మనవాడన్న మాట మనకు గొప్పదే. ఆ మాట చెడకుండుటకే కాగితము.