ఆ కాలువలు పూడ్చాల్సిందే

గోదావరి డెల్టాలో కాలువలు తవ్వితే పంట పండింది. బోర్నియో దీవిలో కాలువలు తవ్వితే అడవి తగలబడింది. 1995లో ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తో ఆ దీవిలోని మధ్య కాలిమంతాన్‌లో ఉన్న పది లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరి పొలాలుగా మార్చే పథకం ప్రకటించారు. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించారు. అవి పొలాలకు నీరు పెట్టలేదు సరికదా, అడవిలోని నీటిని నదుల్లోకి తోడేశాయి. ఆ ఆమ్లనేలలో వరి పండనే లేదు. 1997లో ఎల్ నినో కరవు రాగానే ఎండిన నేల అంటుకుంది.

అక్కడ మండింది చెట్లే కాదు, వాటి కింది నేల కూడా. వేల ఏళ్లుగా రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్లు నీటిలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న పొర అది. దాన్నే పీట్ అంటారు. కొన్నిచోట్ల పది మీటర్లకు మించిన మందం ఉంటుంది. నీరు నిలిచి ఉన్నంతకాలం అందులోని కర్బనం భద్రం. నీరు తీసేస్తే నేల కుంగుతుంది, రవ్వ పడితే లోలోపలే వారాల తరబడి రగులుతుంది. ఆ ఏడాది ఇండోనేసియా పీట్ మంటలు వదిలిన కర్బనం, ప్రపంచమంతా ఏడాదిలో బొగ్గు, చమురు, గ్యాస్ మండించి వదిలేదానిలో 13 నుంచి 40 శాతం దాకా ఉంటుందని 2002లో 'నేచర్' పత్రికలో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సుహార్తో గద్దె దిగాక పథకం రద్దయింది. కాలువలు మాత్రం మిగిలాయి.

ఆ పక్కనే ఉంది సబంగావ్ అడవి. ఆరు వేలకు పైగా ఒరాంగుటాన్‌లకు అది ఆవాసమని పరిశోధకుల అంచనా. 2004లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. అంతమాత్రాన అడవి నిలవదు. పార్కు సరిహద్దు మనుషులకే గానీ నీటికి కాదు. కలప దొంగలు దుంగలు తేల్చుకెళ్లడానికి తవ్విన చిన్న కాల్వ చాలు, చుట్టుపక్కల పీట్‌ను ఎండబెట్టడానికి. ఈ సంగతి ముందుగా గుర్తించి, కాల్వలకు అడ్డుకట్టలు వేసి, మంటలార్పే దళాలు నడిపింది పాలంగ్కా రాయా విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్థానిక దయాక్ గ్రామస్థులు. సువిడో లిమిన్ వంటి శాస్త్రవేత్తలు జీవితమే ధారపోశారు.

ఒరాంగుటాన్ తల్లి ఏడెనిమిదేళ్లకు ఒక్క బిడ్డను కంటుంది. ఒక ఎండాకాలపు మంట కలిగించే నష్టం పూడడానికి తరాలు పడుతుంది. మంట తాకని చోటా పొగ వదలదు. మధ్య కాలిమంతాన్‌లోనే ఉన్న తువానాన్ పరిశోధన కేంద్రంలో 2015 మంటల తర్వాత మగ ఒరాంగుటాన్‌లను వెంబడించిన పరిశోధకులు, అవి ఎక్కువ తిన్నా ఒంట్లో కొవ్వు కరిగిపోవడం, గొంతు బొంగురుపోవడం నమోదు చేశారు. ఏళ్ల తరబడి అదే అడవిలో, అవే జంతువుల వెంట మోకాలిలోతు నీళ్లలో తిరిగితే తప్ప ఇలాంటి నిజాలు బయటపడవు. అలాంటి పరిశోధనకు తలుపులు తెరవాల్సిన ఇండోనేసియా ప్రభుత్వం 2022లో ఏం చేసింది? ఒరాంగుటాన్‌ల సంఖ్య పెరుగుతోందన్న అధికారిక వాదనను ప్రశ్నించిన ఐదుగురు విదేశీ శాస్త్రవేత్తలపై అటవీ మంత్రిత్వశాఖ నిషేధం విధించింది. అంతకు రెండేళ్ల ముందే ప్రభుత్వం, పాత వరి పథకం విఫలమైన ప్రాంతంలోనే మళ్లీ ఆహార పంటల పథకం మొదలుపెట్టింది. ఈ రెండు నిర్ణయాలూ తప్పే. రెండింటినీ వెనక్కి తీసుకోవాలి.

ఇందులో మన బాధ్యతా ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది భారతదేశమే. మిర్చిబజ్జీల మూకుడు నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా ఆ నూనె చేరని వంటిల్లు అరుదు. అందులో కొంత పీట్ నేలలను ఎండగట్టి వేసిన తోటలది. అడవులు నరికి పండించిన సరుకును అడ్డుకునేందుకు ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. దాని అమలు వాయిదా పడుతున్నా, కొనేవాడికీ జవాబుదారీ ఉందని అది ఒప్పుకొంది. అతిపెద్ద కొనుగోలుదారు నోరు మెదపకపోతే అమ్మేవాడు ఎందుకు మారతాడు?

పేదల నూనె ధర పెరుగుతుందన్న భయం సహజమే. కానీ ఇండోనేసియా, మలేసియా తోటల్లో అత్యధిక భాగం పీట్ నేలల్లో లేవు. పామాయిల్ మొత్తాన్ని కాదనక్కర్లేదు, పీట్ తోటల నూనెను కాదంటే చాలు. పైగా గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో సొంత పొలాల్లో ఆయిల్‌పామ్ వేసిన రైతు, అడవి తగలబెట్టి పండించిన నూనెతో ధరలో పోటీ పడాల్సి రావడం అన్యాయం. 2021లో రూ.11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించిన కేంద్రం ఈ కోణాన్నీ పట్టించుకోవాలి.

దిగుమతి అయ్యే ప్రతి ఓడ సరుకూ ఏ తోటల నుంచి వచ్చిందో చూపాలని కేంద్రం నిబంధన పెట్టాలి. పీట్ నేలల నూనెను గడువు పెట్టి ఆపాలి. మిగిలిన కాలువలన్నిటికీ ఇండోనేసియా అడ్డుకట్టలు వేసేలా, ఆ పని చేస్తున్న గ్రామాలకు డబ్బు అందేలా, నిషేధించిన శాస్త్రవేత్తలను తిరిగి రానిచ్చేలా దౌత్యమార్గంలో గట్టిగా అడగాలి. మరో ఎల్ నినో రాకముందే ఇవన్నీ జరగాలి.