కూలివాడు లేని సభ

తన ద్వారమును కాచుకొను హక్కు బర్మాకు లేదని మేమనము. మా ఆక్షేపణ వేరు.

1930 మే నెలలో రంగూను రేవునందు కూలి పెంచుడని తెలుగు కూలీలు సమ్మె కట్టిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను తెచ్చిరి. సమ్మె తీరినంతనే వారిని త్రోసివేసిరి. ఆకొన్న రెండు కడుపులు పోరాడి నెత్తురు పారినది. నింద మాత్రము వలస వచ్చినవానికి దక్కినది.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి విడివడినది. పిమ్మట వలసలనుగూర్చిన సంప్రదింపులకు సన్నాహముగా జేమ్సు బాక్‌స్టరు విచారణ జరిపెను. భారతీయుల శ్రమ బర్మీయుల శ్రమకు తోడయినదే గాని పోటీ కాలేదని ఆ నివేదికయే తేల్చినది. అయినను 1941లో ఉభయ ప్రభుత్వములును చేసికొన్న ఒడంబడిక అనుమతిపత్రములతోను రుసుములతోను దారికి అడ్డుకట్ట వేసినది. దానిని గాంధీమహాత్ముడు ఆనాడే ఖండించెను.

బల్లకు ఇరుప్రక్కల కూర్చున్నవి లండనుకు లోబడిన ప్రభుత్వములే. ఎవని బ్రదుకును తూకమున బెట్టిరో, ఆ కూలివానికి గుమ్మముకడనైనను చోటు లేదు. సాక్ష్యము ముందే సేకరించి, దానిని ప్రక్కకు నెట్టుట సన్నాహమా, వంచనయా?

పాఠకులారా! నేడు మన యిండ్లనుండి గల్ఫు దేశములకు పోవువారు కలరు. వారినిగూర్చి ప్రభుత్వములు సంప్రదించునపుడెల్ల మనము మొదట అడుగవలసినది ఇదియే: పోవువాని మాట ఆ సభలో ఎవరు పలుకుచున్నారు?