ఊరి పంటకు ఉపకార వేతనం

విద్యార్థి వేదిక

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే వేళకు మన క్వార్టర్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఇంజనీరింగా, వైద్యమా? ఆ రెండూ అందని పక్షంలోనే వ్యవసాయ విద్య గుర్తుకు వస్తుంది. "పొలం పనికి పట్టా ఎందుకు?" అని పెద్దలు అనేసరికి, ఆసక్తి గల పిల్లలు సైతం వెనుకకు తగ్గుతారు. మనం తినే తిండి ఎక్కడ పండుతున్నదో, అది పొలం నుండి పళ్లెం వరకు వచ్చే దారిలో ఏ మెట్టు విరిగి ఉన్నదో తెలుసుకొని సరిదిద్దే చదువు ఇది. ఈ చదువుకు లభించే ఉపకార వేతనాలను గురించి ఈ మాసం ముచ్చటించుకుందాం.

విరిగిన మెట్టు అంటే ఏమిటో చిరుధాన్యాలను చూస్తే బోధపడుతుంది. జొన్నలు, సజ్జలు, రాగులు నూర్చి, తూర్పారబట్టి, నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అట్లా కాదు. వాటి గింజను గట్టి పొట్టు అంటిపెట్టుకొని ఉంటుంది. పూర్వం స్త్రీలు గంటల తరబడి దంచి ఆ పొట్టును తీసేవారు. బియ్యం చౌకగా దొరకసాగిన తరువాత ఆ శ్రమ చేసేవారు తగ్గిపోయారు. వారితోపాటు పంట కూడా తగ్గింది. 2018ని మన దేశం, 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరాలుగా ప్రకటించిన పిమ్మట పట్టణాలలో వీటికి మరల ఆదరణ పెరిగింది. అయినను, దగ్గరలో పొట్టు తీసే మర లేని ఊరి రైతు ఆ గింజను ఉన్నదున్నట్లుగానే అమ్ముకోవలసి వస్తుంది. పొట్టు తీయడం వలన పెరిగే విలువ దూరాన ఉన్న మిల్లుకు పోతుంది. పండించిన ఇంటి పిల్లల కంచంలోకి ఆ కొర్రన్నం రాదు.

ఊరికి సరిపడే చిన్న మరను రూపొందించడం వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థి పని. కొద్ది రోజులకే చేదెక్కే సజ్జపిండిని నిలువ ఉంచే మార్గం వెదకడం ఆహార సాంకేతిక విద్యార్థి పని. అంగన్‌వాడీ పిల్లలు ఇష్టంగా తినే వంటకాన్ని తయారు చేయడం, ఒకప్పుడు గృహవిజ్ఞానంగా పిలువబడిన సామాజిక విజ్ఞాన విద్యార్థిని పని. ఇవన్నీ వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో బోధింపబడే శాస్త్రాలే.

1929లో ఏర్పడిన భారత వ్యవసాయ పరిశోధన మండలి ఈ విద్యకు ప్రధాన పోషకురాలు. అఖిల భారత ప్రవేశ పరీక్ష ద్వారా, స్వరాష్ట్రాన్ని విడిచి ఇతర రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో చేరిన డిగ్రీ విద్యార్థులకు మండలి జాతీయ ప్రతిభా ఉపకార వేతనాన్ని ఇస్తున్నది. మార్కులు నిలుపుకున్నంత కాలం అది కొనసాగుతుంది. స్నాతకోత్తర విద్యకు, పరిశోధనకు వేరుగా వేతనాలు ఉన్నవి. 2023 నుండి అఖిల భారత కోటాలోని డిగ్రీ సీట్లకు ప్రవేశం సీయూఈటీ ద్వారా జరుగుతున్నది. ఇంటర్ రెండవ సంవత్సరంలో ఉన్న పిల్లలు ఆ ప్రకటనను గమనిస్తూ ఉండాలి.

స్థానిక ఆహారం కొరకు చదివే విద్యార్థిని స్వరాష్ట్రం దాటించడం ఏమిటన్న సందేహం కలుగవచ్చు. పరాయి నేలను, పరాయి పంటను చూచినవానికి తన ఊరి పంట విలువ, లోపం రెండూ స్పష్టమవుతాయి. అయితే ఆ చూపు తిరిగి ఊరి మీద పడాలి. అందుకే రంధావా సంఘం 1992లో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమాన్ని సూచించింది. మన వ్యవసాయ కళాశాలలలో దీనికి 'రావెప్' అని పేరు. చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామాలకు వెళ్లి, రైతుల వెంట ఉండి పని నేర్చుకుంటారు. 2015 జూలై 25న పాట్నాలో ప్రారంభమైన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమంలో ఇది ఒక భాగమైనది. ఈ కాలానికి విద్యార్థులకు భృతి కూడా లభిస్తుంది.

అక్కడ గురువులు రైతులే. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిధులను నిలుపుకొని, పాత పంటల జాతరలో ఆ విత్తనాలను ఎడ్లబండ్లపై ఊరేగిస్తాయి. 2019లో ఆ కృషికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఒడిశా వరి రకాలను కాపాడిన కమలా పూజారిని 2019లోను, బడికి వెళ్లని మహారాష్ట్ర విత్తన సంరక్షకురాలు రాహీబాయి పోపెరేను 2020లోను పద్మశ్రీ వరించింది. ఇటువంటి వారి చెంత గడిపే నెలలు ఏ పాఠ్యగ్రంథానికీ తీసిపోవు.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. లోటంతా ఆ తరువాతనే. భృతి ముగుస్తుంది, నివేదిక కళాశాల బీరువాకు చేరుతుంది, విద్యార్థి ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతాడు. అతడు మొదలుపెట్టిన విత్తన నిధి గాని, చిన్న మర గాని నిలదొక్కుకోవడానికి మరికొంత కాలం కావాలి. 2002 నుండి అమలులోనున్న అగ్రిక్లినిక్, అగ్రిబిజినెస్ కేంద్రాల పథకం సొంతంగా సంస్థ పెట్టదలచిన పట్టభద్రులకు శిక్షణ, ఋణ సహాయం ఇస్తున్నది. ఇంకను సంస్థ పెట్టే స్థితికి రాక, ఊరిలో ఒక సంవత్సరం ఉండి పని పూర్తి చేయగోరే విద్యార్థికి మాత్రం ఆధారం అరుదు.

ఈ ఖాళీని మనవంటి సంస్థలు పూరించగలవు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను పరిధిలోనికి వచ్చే సంస్థలు, గడచిన మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించాలి. అందులో తాము పనిచేసే పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది. ఆకలి నివారణ, విద్య, గ్రామాభివృద్ధి ఆ జాబితాలో ఉన్నవే. మన కర్మాగారం చుట్టుపట్ల గ్రామాలలో ఏడాదిపాటు పనిచేసే ఒకరిద్దరు విద్యార్థులకు ఉపకార వేతనం ఏర్పాటు చేసే విషయాన్ని యాజమాన్యం, ఉద్యోగ సంఘాలు, మహిళా సమితి కలిసి ఆలోచించవలసినదిగా మనవి. ఎంపికలో ఆ గ్రామాల రైతులకు కూడా చోటుంటే మరింత సముచితంగా ఉంటుంది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి గాని, అబ్బాయి గాని వ్యవసాయ విద్య చదువుతానంటే, ఉద్యోగం మాట అడగండి. అది మీ హక్కు. దానితోపాటు ఏ పంటను గురించి, ఏ ఊరి కొరకు చదవదలచినదీ అడగండి. ఆ రెండవ ప్రశ్నకు బిడ్డ వద్ద సమాధానం ఉంటే దరఖాస్తు నింపడానికి పక్కన కూర్చోండి.