ఆకాశం నుండి చూసిన పాలకుడు

బలప్రయోగంతో అధికారాన్ని చేజిక్కించుకోవచ్చు. కాని దానిని నిలుపుకోవడానికి బలమొక్కటే చాలదు. ట్యూనిస్‌లో జన్మించిన చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో ఈ విషయాన్ని లోతుగా చర్చించారు. రాజ్యానికి ప్రాణం ‘అసబియ్యత్’ అని ఆయన సిద్ధాంతం. హదీసులు ఖండించిన వర్గ దురభిమానం కాదిది. ఒకరి కష్టాన్ని మరొకరు తమదిగా భావించే సంఘీభావం. పాలకుడు తనవారికి దూరమై, జీతపు సైనికుల మీద, ఆశ్రితుల మీద ఆధారపడిననాడు ఆ బంధం సడలిపోతుంది. రాజ్యం పైకి దృఢంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం డొల్ల.

ఆ డొల్లతనం విపత్తు వేళ ఎలా బయటపడుతుందో 1970 నాటి తూర్పు పాకిస్తాన్‌లో చూడవచ్చు. అప్పుడు జనరల్ యహ్యాఖాన్ సైనిక పాలన సాగుతోంది. నవంబరు 12 రాత్రి, సముద్రం పోటు మీద ఉన్న వేళ, పెనుతుపాను భోలా తీరాన్ని తాకింది. ఉప్పెనలో కనీసం మూడు లక్షల మంది మరణించారని అంచనా. చైనా పర్యటన నుండి తిరిగివస్తూ ఢాకాలో ఆగిన యహ్యాఖాన్, ఆ ప్రాంతాన్ని విమానంలో నుండి చూసి పశ్చిమ పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు. విమర్శలు పెరిగాక గాని మళ్లీ రాలేదు. సహాయం ఆలస్యంగా, అరకొరగా అందింది.

మృతుల్లో అత్యధికులు ముస్లిములు. పాలకులూ కలిమా చదివినవారే! భాష విషయంలో, ఆర్థిక విషయాల్లో తమకు అన్యాయం జరుగుతోందన్న బాధ ఆ ప్రజల్లో అంతకుముందే ఉంది. తుపాను దానిని పుట్టించలేదు, రగిలించింది. ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో అక్కడి 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. సైనిక పాలకులు ఆ తీర్పును మన్నించలేదు. 1971 మార్చి 25 రాత్రి తమ ప్రజల మీదికే సైన్యాన్ని పంపారు. డిసెంబరు 16 నాటికి దేశం రెండయింది. న్యాయం కొరవడినచోట విశ్వాస బంధం సైతం రాజ్యాన్ని నిలపలేకపోయింది.

దీనికి భిన్నమైన ఆదర్శం మన చరిత్రలోనే ఉంది. హిజ్రీ 18లో అరేబియాను దారుణమైన కరవు పీడించింది. ‘బూడిద సంవత్సరం’గా పేరుపడిన ఆ రోజుల్లో హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు దొరకని నెయ్యిని, మాంసాన్ని తాను ముట్టనని ప్రతినబూనారు. సిరియా నుండి ధాన్యం తెప్పించి, మదీనా చేరిన ఆకలిగొన్నవారికి పంచారు. ఆయన కరవును పైనుండి చూడలేదు, ప్రజలతోపాటు అనుభవించారు.

మనలో ప్రతి ఒక్కరూ కాపరులేనని, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారని దైవప్రవక్త (స) బోధించారు. ఆ ప్రశ్న సింహాసనానికే పరిమితం కాదు. మన ఇంటికీ, మన మస్జిద్ కమిటీకీ వర్తిస్తుంది. తుపాను హెచ్చరిక వెలువడిననాడు మన వీధిలో లేవలేని వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో, ఒంటరి వితంతువు ఎక్కడ ఉన్నదో మనకు తెలుసా? ఆ ఇంటివారు ఏ మతస్థులైనా సరే, పొరుగువారి హక్కు పొరుగువారిదే. ఆ తలుపు తట్టవలసింది గాలి లేచాక కాదు, ఈ రోజే.