మెషీన్ నజర్, మన గఫ్లత్

మా ఖాలా పర్సులో మూడేళ్లుగా గ్యాస్ గోళీల పట్టీ ఉంటోంది. దావత్‌లో బిర్యానీ తిన్నా, ఇంట్లో ఖిచిడీ తిన్నా అదే జలన్. డాక్టర్ ఎండోస్కోపీ రాసిస్తే, "తౌబా! గొంతులో పైపా?" అని చీటీ దాచేసింది. మొన్న ఫోన్లో ఏదో వీడియో చూసి, "బేటా, ఇప్పుడు కంప్యూటరే క్యాన్సర్ పట్టేస్తుందట. ఇక పైపెందుకు?" అంది.

ఈ గలత్‌ఫహమీ ఖాలా ఒక్కదానిదే కాదు. కంప్యూటర్ తనంతట తాను కడుపులోకి చూడలేదు. పైపు చివరి కెమెరా పంపే తస్వీర్‌నే చదువుతుంది. తొలిదశ క్యాన్సర్ చాలాసార్లు గడ్డలా ఉండదు. కాస్త ఎర్రబడిన, లేదా పాలిపోయిన మచ్చలా ఉంటుంది. మంచి డాక్టర్ నజర్ కూడా తప్పిపోవచ్చు. అందుకే నారో బ్యాండ్ ఇమేజింగ్ అనే పద్ధతిలో నీలం, ఆకుపచ్చ కాంతి మాత్రమే వేస్తారు. రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది గనక సన్నని రక్తనాళాల నక్షా సాఫ్‌గా కనిపిస్తుంది. ఇక వేల తస్వీర్లతో తాలీమ్ పొందిన కంప్యూటర్, షక్ ఉన్న చోట తెరపై గుర్తు పెడుతుంది.

ఈ మర్జ్ ఎక్కువగా ఉన్న జపాన్‌లో 2018లో ఒక తహకీఖ్ వెలువడింది. 13,584 చిత్రాలతో నేర్పిన ప్రోగ్రామ్ 2,296 కొత్త చిత్రాలను 47 సెకన్లలో చూసి, 77 క్యాన్సర్ మచ్చల్లో 71 పట్టింది. కమాల్! కానీ పూరా హిసాబ్ చూడండి. ఆరు వదిలేసింది. అది షక్ పడ్డ ప్రతి పదిలో దాదాపు ఏడు క్యాన్సరే కాదు. చివరికి ముక్క తీసి చేసే బయాప్సీదే ఫైసలా.

నా రాయ్ ఒకటే: మెషీన్ మదద్‌గార్, మాలిక్ కాదు. నురగ కింద దాగిన మచ్చను, కెమెరా తిరగని మూలను అది చూడలేదు. "మీ దగ్గర ఏఐ ఉందా?" అని అడిగే ముందు, "కడుపు కడిగి, అన్ని వైపులా తీరిగ్గా చూస్తారా?" అని అడగండి.

దక్షిణ కొరియాలో 40 దాటినవాళ్లకు రెండేళ్లకోసారి కడుపు పరీక్ష సర్కారీ పథకంలోనే ఉంది. మన సర్కారు స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. కాబట్టి కడుపు విషయంలో జిమ్మేదారీ మనదే. అందరికీ పైపు అక్కర్లేదు. కానీ బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ముద్ద దిగకపోయినా, రక్తం తగ్గినా, ఖాందాన్‌లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా గోళీలతో కాలం గడపకండి. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి పరీక్ష గురించీ అడగండి. దానికి ఇలాజ్ ఉంది. గ్యాస్ గోళీలు ఆ పరీక్షను తప్పుదారి పట్టించగలవు, వేసుకుంటున్నట్టు డాక్టర్‌కి చెప్పండి.

జుమేరాత్ నాడు ఖాలాను నేనే తీసుకెళ్తున్నా. చీటీ ఎక్కడ దాచిందో నాకు తెలుసు.