మానేసినోళ్ల తోడు మంచిదే.. మరి వాళ్లకు తోడెవరు?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో వ్యసనం మాటెత్తితే ముందు వచ్చేది కల్తీ కల్లు. అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో అలాంటి కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు.

అయితే అసలు పాఠం 2015 నాటిది. ఎక్సైజ్ దాడులతో ఒక్కసారిగా కల్లు ఆగిపోయింది. అప్పటి నిజామాబాద్ జిల్లాలో (కామారెడ్డి అందులోదే) ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు పరుగెత్తారు. అల్ప్రాజోలానికి అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కరోజులో ఆగితే ప్రాణం మీదికొస్తది. డాక్టర్ చూస్తూ మెల్లమెల్లగా మోతాదు తగ్గించాల్సిందే.

వ్యసనం నుంచి బయటపడ్డవాళ్లను సహాయకులుగా పెట్టుకోవాలన్నది మంచి ఆలోచన. కేంద్రం సాయంతో నడిచే డీఅడిక్షన్ కేంద్రాల సిబ్బందిలో పీర్ ఎడ్యుకేటర్ పోస్టు ఉన్నది కూడా అందుకే. రాత్రి నిద్రపట్టక చేతులు వణుకుతున్న మనిషి, డాక్టర్‌కు చెప్పనిది తనలాంటోడికి చెప్తాడు. కానీ 'నేను ఒక్కరోజులో మానేసిన, నువ్వూ మానెయ్' అని ఆ తోటివాడే అంటే? సాయం అక్కడే అపాయమవుతుంది. ఎప్పుడు ధైర్యం చెప్పాలి, ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి అన్న తేడా శిక్షణలో మొదటి పాఠం కావాలి. విన్న మాట బయటపెట్టకపోవడం రెండోది. ముస్లిం ఇళ్లల్లో 'ఇజ్జత్ పోతది' అని కొడుకు మత్తును, ఒక్కోసారి అమ్మీ నిద్రమాత్రలను కూడా దాచిపెడతారు. పక్క గల్లీవాడికి తెలిసిపోతుందనే భయముంటే తలుపే తీయరు. ఆడవాళ్ల కోసం ఆడ సహాయకులు లేకపోతే సగం ఇళ్లు లెక్కలోకే రావు.

ఇక ఆ సహాయకుడి సంగతి. నిన్నటిదాకా తాగినవాడిని రోజూ కల్లు దుకాణం చుట్టూ తిరగమంటే అతడి మనసూ లాగుతుంది. వారానికోసారైనా కౌన్సిలర్ కూర్చోబెట్టి మాట్లాడాలి. జారితే ఉద్యోగం పీకేయకుండా మళ్లీ చికిత్స ఇప్పించాలి. జీతం నెలనెలా రావాలి. 'సేవ' అని పేరుపెట్టి ఉత్తగ పని చేయించుకుంటే నాలుగు నెలలకే వెళ్లిపోతారు, వాళ్లను నమ్ముకున్నవాళ్లు మళ్లీ ఒంటరవుతారు.

కామారెడ్డికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. శిక్షణ అక్కడ మొదలుపెట్టొచ్చు. ఎల్లారెడ్డి పల్లెలకు మాత్రం అక్కడి మనిషే కావాలి. ప్రస్తుతానికి మత్తు విడుపు సలహాకు 14446, మానసిక సాయానికి 14416 నంబర్లున్నాయి. రెండూ ఉచితం.