ఇల్లు – వాకిలి: అవ్వ కూర్చొనే చోటు

కార్తికమాసం కడపటి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె సాగిందంటే, బెంగుళూరులోని మన ఇళ్ళలో అటక మీది దుప్పట్లు కిందికి దిగుతాయి. పచ్చి వేరుశనక్కాయలు శేరు రెండు శేర్లు కొని తెచ్చుకొని, ఉప్పు వేసి ఉడికించుకొని, నడింట్లో చుట్టూ కూర్చొని వలుచుకొంటూ తింటామే, ఆ రాత్రినుంచే చలికాలం వచ్చినట్లు మాకు లెక్క.

ఈ ఊరి చలి గొప్ప చలి ఏమీ కాదు. మార్గశిర పుష్యమాసాలలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది. అంతకు దిగితే మరునాడు పత్రికలలో వార్త. 1884 జనవరి 13వ తేదీన 7.8 డిగ్రీలకు దిగిన సంగతి వాతావరణ శాఖవారి లెక్కలలో ఉన్నది గాని, అది చూచినవారెవరూ మనకు చెప్పడానికి లేరు. మరి ఇంతమాత్రం చలికి ఒక వ్యాసం ఎందుకని చదువరులు అడుగవచ్చును. చలి బయట కొంచెమే గాని, ఇంటిలోపల ఎక్కువ. మన ఇళ్ళు ఎండాకాలాన్ని తలుచుకొని కట్టినవి. పాత ఇళ్ళయితే ఎత్తయిన మంగుళూరు పెంకుల కప్పు, ఎర్ర గచ్చు నేల, మూయడానికి వీలులేని గవాక్షాలు. ఏప్రిల్‌లో ఆ గచ్చుమీద పడుకొంటే స్వర్గం. డిసెంబరులో అదే గచ్చుమీద పొద్దున కాలు మోపితే ప్రాణం జిల్లుమంటుంది. కొత్త అపార్టుమెంటు ఇళ్ళ సంగతి మరీను. ఉత్తరపు వైపు గదికి చలికాలమంతా ఎండపొడ అన్నదే తెలియదు.

కుర్రవారికి ఇది పట్టదు. పట్టేది ముసలివారికి. దీన్ని మేము పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా ఇంటిలో మేము చేసిన తప్పువల్ల తెలిసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది గాని, ఇంకొక ఇంటికైనా ఉపయోగపడుతుందని చెబుతున్నాము.

మా అత్తగారికి ఎనభై దాటాయి. పడసాలలో తూర్పు కిటికీ కింద ఆమెదొక చెక్కబల్ల ఉండేది. పొద్దున ఏడున్నరకు ఎండ ఆ బల్లమీదికి వచ్చేది; ఆమె కూడా వచ్చేది. కాఫీ అక్కడే, పేపరు అక్కడే. పాలవాడితో మాట, పూలమ్మితో బేరం, స్కూలుకు పోయే మనుమడి షూలేసులమీద కోపం, అన్నీ ఆ బల్లమీదనుంచే. మూడేండ్ల కిందట పడసాలకు పెద్ద సోఫా కొన్నాము. గోడంత టీవీ కూడా వచ్చింది. బల్ల అడ్డమయింది. "అత్తమ్మా, మీకు లోపలి గది సదుపాయంగా ఉంటుంది, బాత్‌రూము పక్కనే" అని చెప్పి ఆమెను వెనుకటి గదికి మార్చాము. సదుపాయమన్నమాట నిజమే. మంచం కొత్తది, పరుపు కొత్తది. ఆమె ఏమీ అనలేదు. అనలేదు గనుక ఇష్టమేనని మేము అనుకొన్నాము.

చలికాలం వచ్చింది. ఆమె తొమ్మిదైనా మంచం దిగడం మానింది. వేళ్ళు బిగుసుకొని పోతున్నాయని లోటా పట్టుకోలేకపోయేది. కరెంటు హీటరు తెచ్చి పెట్టాము. గొంతు ఎండిపోతుందని ఒకనాడు, బిల్లు ఎక్కువవుతుందని ఒకనాడు దాన్ని ఆర్పేది. ఒకరాత్రి, మేమంతా నిద్రపోయిన తర్వాత, వంటింటి వెనుకనుంచి పాత బొగ్గుల కుంపటి వెదకి తెచ్చి, రాజేసుకొని, గదిలో పెట్టుకొని, గాలి రాకుండా తలుపూ కిటికీ బిగించి పడుకొన్నది. చిన్నతనంలో మదనపల్లెలో వాళ్ళమ్మ అట్లాగే పెట్టేదట. ఆ ఇంటికి పెంకుల సందులు ఉండేవి, తలుపు కింద చెయ్యిదూరేంత కంత ఉండేది. ఈ గదికి గాజు కిటికీ, రబ్బరు అంచు.

తెల్లవారి నాలుగింటికి ఆమె వాంతి చేసుకొన్న చప్పుడు విని మా వారు లేచారు. తలుపు తీసేటప్పటికి ఆమె మంచం పట్టె పట్టుకొని కూర్చొని ఉన్నది, తల పగిలిపోతున్నదంటున్నది, లేచి నిలబడలేకపోతున్నది. తలుపులన్నీ తెరిచి, ఎత్తుకొని బయట వరండాలోకి తెచ్చి, ఆసుపత్రికి తీసుకొనిపోయాము. ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి తేరుకొన్నది.

డాక్టరుగారు చెప్పినది ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసిన మాట. బొగ్గు చాలినంత గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. పొగ కనబడదు, వాసన ఉండదు. నెత్తురులో ఆక్సిజన్ ఉండవలసిన చోట అది చేరుకొంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు, వారు లేవరు. ఎర్రగా రాజుకొని పొగ తగ్గిన కుంపటి మంచిదని మన పెద్దలు అనుకొనేవారు; ఈ వాయువుకు ఆ భేదం లేదు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగించినా ఇదే ప్రమాదం. కుంపటి పెట్టుకోవాలనుంటే వాకిట్లో పెట్టుకోండి. మూసిన గదిలో, నిద్రపోయే గదిలో ఎంతమాత్రమూ వద్దు.

ఇంటికి వచ్చిన తర్వాత రెండో రోజు, కాళ్ళకు నూనె రాస్తూ, "అంత చలిగా ఉంటే మమ్మల్ని లేపగూడదా అత్తమ్మా" అని అడిగాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. "చలి ఎట్లైనా ఓర్చుకోవచ్చు లేమ్మా. ఆ గదిలోకి ఎవురూ రారు కదా" అన్నది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

తరువాతి ఆదివారం ఒక పని చేశాము. మనుమడి చేతికి సుద్దముక్క ఇచ్చి, పొద్దుననుంచి గంట గంటకూ ఇంట్లో నేలమీద ఎండ ఎక్కడ పడుతున్నదో గీత గీయమన్నాము. వాడికి ఆటగా ఉన్నది. సాయంకాలానికి ఇల్లంతా గీతలు. అప్పుడు తెలిసిన సంగతి ఏమంటే, మా ఇంట్లో చలికాలపు ఎండ అన్నిటికంటె ఎక్కువసేపు ఉండేది పడసాలలో కాదు, మేము భోంచేసే చోట దక్షిణపు కిటికీ దగ్గర. పదిన్నరకు వచ్చి మూడు దాటేవరకు ఉన్నది. ఇందులో వింత లేదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. నడిమధ్యాహ్నం కూడా బెంగుళూరులో నెత్తిమీదికి రాడు, దక్షిణపు దిక్కున సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందువల్ల ఎండ కిటికీలోనుంచి ఏటవాలుగా లోపలికి దూరుతుంది. అదే కిటికీ ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, ఎందుకంటే ఏప్రిల్ చివరినుంచి ఆగస్టు నడిమివరకు సూర్యుడు ఇక్కడ ఉత్తరపు వైపున నడుస్తాడు. ఇరవై ఏండ్లు ఆ కిటికీకి ఎదురుగా అన్నం తిన్నాము, చూచిందే లేదు.

అటకమీదినుంచి బల్ల దింపాము. గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా వేశాము, గోడ చల్లదనం వీపుకు తగలకుండా. కాళ్ళకింద ఎర్ర గచ్చు కనబడకుండా మొదట చాప, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంత. బల్లమీద షోలాపురం చద్దరు పరిచాము. మా ఆడబిడ్డ అత్తవారిది ఆ ఊరే. తరతరాలుగా అక్కడ మగ్గాలమీద బతికిన మన పద్మశాలి కుటుంబాలలో వారొకరు. నూలు చద్దరే గాని మందంగా ఉంటుంది, ఉన్ని కంబళిలాగ ముసలి చర్మానికి గుచ్చుకోదు, ఇంట్లో ఉతుక్కోవచ్చును. పక్కన ముక్కాలి పీట. దానిమీద కళ్ళజోడు, మాత్రల డబ్బా, మూత చెంబులో వేడినీళ్ళు. చదువుకొనే దీపం ఒకటి. ఫోను చార్జరు ఆమె చెయ్యి అందే చోట. ఉత్తరపు గవాక్షానికి గోనె కుట్టి అడ్డం కట్టాము, పైన నాలుగు వేళ్ళు సందు వదిలాము. డాక్టరుగారి మాటలు విన్నతర్వాత ఇంట్లో ఏ సందూ పూర్తిగా మూయడానికి ధైర్యం రాలేదు.

వేడినీళ్ళ సంచి పెట్టేవారు ఒకటి జ్ఞాపకముంచుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు. సంచికి తువ్వాలు చుట్టి, ముందు మన మోచేతికి తాకించుకొని చూచి, అప్పుడు పెట్టాలి.

ఎల్ల ఊళ్ళకూ ఇదే పద్ధతి చెల్లదు. మద్రాసులో, యానాంలో బాధ చలికంటె చెమ్మ. అక్కడ పెద్దవారి మంచం చెమ్మగోడకు దూరంగా ఉంటే సగం పని అయినట్లే. కోరాపుట్టు వైపు, దేవమాలి కొండ చుట్టుపట్ల, చలి నిజమైన చలి. సెమిలిగూడలో ఉన్న మా పినతండ్రిగారి ఇంట్లో సాయంకాలం పెరట్లో నెగడు వేసి దాని చుట్టూ అందరూ కూర్చొంటారు. పొగ కంట్లో పడుతుంది గాని, ఇల్లంతా ఒక్కచోట చేరుతుంది.

అందరికీ ఒక్కొక్క మూల అమరింది సరే, మరి మీ మూల ఏదమ్మా అని పోయిన నెల ఒక స్నేహితురాలు అడిగింది. మా వారికి పడకకుర్చీ ఉన్నది, పిల్లవాడికి మేజా ఉన్నది. మాకు వంటింటి పొయ్యి పక్కన గోడకు ఆనించిన పీట. రాత్రి గిన్నెలు కడిగినతర్వాత పొయ్యిగట్టు ఇంకా వెచ్చగా ఉంటుంది. పది నిమిషాలు అక్కడ కూర్చొంటాము. అది చాలునా చాలదా అన్నది ఇంకొక నెల వ్రాస్తాము.

ఇప్పుడు అనపకాయల రోజులు. నానబెట్టిన గింజలు తాంబాళంలో పోసి ఇస్తే అత్తగారు ఆ బల్లమీద కూర్చొని పితికిపప్పు తీస్తారు. వేడినీళ్ళల్లో నానిన గింజలవల్ల వేళ్ళకు వెచ్చన, కీళ్ళకు కదలిక. భోజనాల చోటు గనుక వచ్చేవారూ పోయేవారూ అటునుంచే నడవాలి. నడిచిన ప్రతివారూ ఒక పిడికెడు పితికి పోవలసిందే, అది ఆమె పెట్టిన చట్టం. మొన్న శనివారం ఆమె స్నానానికి లేచిన సందున మనుమడు ఫోను పట్టుకొని ఆ బల్లమీద చద్దరు కప్పుకొని పడుకొన్నాడు. ఆమె తడితలతో వచ్చి, చేతికర్రతో వాడి కాలుమీద తట్టి, "లెయ్యిరా, అది నా చోటు" అన్నది.

"కొంచెం జరుగవ్వా, నాకూ చలిగా ఉంది" అన్నాడు వాడు.

జరిగి కూర్చొన్నది.